భాగం-9: బొమ్మలను చూపే సాఫ్ట్‌వేర్‌లో బఫర్ ఓవర్‌ఫ్లో లోపాలు - భద్రతా ముప్పులు

విషయక్రమం

9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 బఫర్, బఫర్ ఓవర్‌ఫ్లో
9.3 బొమ్మ ఫైలు నిర్మాణం
9.4 లోపం పుట్టే నాలుగు విధాలు
9.5 పర్యవసానాలు
9.6 రక్షణ పద్ధతులు
9.7 వినియోగదారులు పాటించవలసిన జాగ్రత్తలు
9.8 సారాంశం
9.9 ముఖ్య పదాలు
9.10 'మీ ప్రగతిని పరీక్షించుకోండి' - సమాధానాలు
9.11 నమూనా పరీక్షా ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• బఫర్ ఓవర్‌ఫ్లో అంటే ఏమిటో సొంత మాటల్లో వివరించగలుగుతారు.
• కేవలం డేటా అయిన బొమ్మ ఫైలు కంప్యూటర్‌కు ఎలా ప్రమాదకరం కాగలదో చెప్పగలుగుతారు.
• 2004, 2023 సంవత్సరాలలో బయటపడిన ముఖ్యమైన లోపాలను ఉదాహరణలుగా విశ్లేషించగలుగుతారు.
• నిర్వాహక వ్యవస్థలు, ప్రోగ్రామర్లు, వినియోగదారులు చేపట్టే రక్షణ చర్యలను పోల్చగలుగుతారు.

9.1 పరిచయం

పరీక్ష దరఖాస్తుకు మీరు ఫోటో అప్‌లోడ్ చేస్తారు. బంధువులు వాట్సాప్‌లో శుభలేఖ పంపుతారు. ఈమెయిల్‌లో స్కాన్ చేసిన పత్రాలు వస్తాయి. ముక్కూమొహం తెలియని వారు పంపిన ప్రోగ్రాంను నడపకూడదని చాలామందికి తెలుసు. కానీ బొమ్మ విషయంలో అంత జాగ్రత్త ఎవరూ తీసుకోరు. 'ఫోటోయే కదా, చూస్తే ఏమవుతుంది?' అనుకుంటారు.

ఈ నమ్మకంలో సగం నిజముంది. బొమ్మ ఫైలు ప్రోగ్రాం కాదు. అందులో ఉండేవి రంగులను, కొలతలను తెలిపే అంకెలు మాత్రమే. అయితే బొమ్మ తనంతట తాను తెరమీద కనిపించదు. ఆ అంకెలను చదివి, విప్పి, తెరమీద చుక్కలుగా పేర్చే పని ఒక ప్రోగ్రాం చేస్తుంది. ఆ ప్రోగ్రాంలో లోపం ఉంటే, ఆ లోపాన్ని తట్టేలా అంకెలను పేర్చిన బొమ్మ ఆ ప్రోగ్రాంను దారి తప్పించగలదు. ముప్పు బొమ్మలో మాత్రమే లేదు, దాన్ని చదివే ప్రోగ్రాం బొమ్మ మాటను గుడ్డిగా నమ్మడంలో ఉంది. ఈ భాగమంతా ఈ ఒక్క వాక్యానికి వివరణ అనుకోవచ్చు.

9.2 బఫర్, బఫర్ ఓవర్‌ఫ్లో

డేటాను తాత్కాలికంగా ఉంచడానికి ప్రోగ్రాం మెమరీలో కేటాయించుకున్న, నిర్ణీత పరిమాణం గల చోటును బఫర్ అంటారు. 256 బైట్ల బఫర్‌లో 256 బైట్లు మాత్రమే పడతాయి. అంతకంటే ఎక్కువ రాస్తే, అదనపు బైట్లు పక్కనున్న మెమరీలోకి పొర్లి అక్కడున్న సమాచారాన్ని చెరిపేస్తాయి. దీనినే బఫర్ ఓవర్‌ఫ్లో అంటారు. సి, సి++ భాషలు బఫర్ హద్దులను తమంతట తాము సరిచూడవు. ఆ బాధ్యత ప్రోగ్రామర్‌దే. వేగం కోసం బొమ్మలను విప్పే సాఫ్ట్‌వేర్‌లో ఎక్కువ భాగాన్ని ఈ భాషలలోనే రాశారు.

దీన్ని ఒక ఉదాహరణతో చూద్దాం. ఒక కార్యాలయంలో గుమస్తా రిజిస్టరు రాస్తున్నాడు. దరఖాస్తుదారు చిరునామాకు 8 వరుసలు కేటాయించారు. 9వ వరుసలో 'ఇది పూర్తయ్యాక 42వ పేజీలోని సూచనలను పాటించు' అని పై అధికారి రాసిపెట్టారు. గుమస్తా చెప్పింది చెప్పినట్లు రాస్తాడు, రిజిస్టరులో ఉన్నది ఉన్నట్లు చేస్తాడు. సొంతంగా ఆలోచించడు. ఒక దరఖాస్తుదారు 9 వరుసల చిరునామా చెప్పి, 9వ వరుసగా 'ఇది పూర్తయ్యాక ఈ పేజీ మొదటి వరుసలోని సూచనలను పాటించు' అని చెప్పాడనుకోండి. అధికారి రాసిన మాట చెరిగిపోతుంది. గుమస్తా ఇకపై దరఖాస్తుదారు చెప్పినట్లు నడుస్తాడు. మొదటి వరుసలో ఉన్నది కూడా దరఖాస్తుదారు చెప్పిన మాటే కదా!

కంప్యూటర్‌లో జరిగేది సరిగ్గా ఇదే. ఒక ఫంక్షన్ పని ముగించాక ప్రోగ్రాంలో ఎక్కడికి తిరిగి వెళ్ళాలో తెలిపే చిరునామా, ఆ ఫంక్షన్ స్థానిక చరాంశాలతో పాటు 'స్టాక్' అనే మెమరీ ప్రాంతంలో ఉంటుంది. దీనిని రిటర్న్ అడ్రస్ అంటారు. స్టాక్‌లోని బఫర్ పొర్లితే ఈ చిరునామా మారిపోవచ్చు. ఇది స్టాక్ ఓవర్‌ఫ్లో. ప్రోగ్రాం నడుస్తుండగా అవసరాన్ని బట్టి అడిగి తీసుకునే మెమరీని 'హీప్' అంటారు. హీప్‌లోని బఫర్ పొర్లితే పక్కనున్న ఇతర డేటా, మెమరీ నిర్వహణ వివరాలు, ఫంక్షన్ల చిరునామాలు చెడిపోతాయి. ఇది హీప్ ఓవర్‌ఫ్లో.

ఈ లోపం కొత్తది కాదు. 1988 నవంబరు 2న ఇంటర్నెట్‌లో వ్యాపించిన మోరిస్ వార్మ్ వాడుకున్న దారులలో ఇది ఒకటి. యూనిక్స్‌లోని 'ఫింగర్' సేవ 512 బైట్ల బఫర్‌ను కేటాయించుకొని, వచ్చిన దాని పొడవు చూడకుండా చదివేది. వార్మ్ దానికి 536 బైట్లు పంపింది. అదనంగా వచ్చిన ఆ 24 బైట్లే రిటర్న్ అడ్రస్‌ను మార్చివేశాయి.

9.3 బొమ్మ ఫైలు నిర్మాణం

బొమ్మలను చదివే సాఫ్ట్‌వేర్‌లోనే ఈ లోపాలు తరచుగా ఎందుకు కనిపిస్తాయో తెలుసుకోవాలంటే బొమ్మ ఫైలు లోపల ఏముంటుందో చూడాలి.

పీఎన్‌జీ ఫైలు 8 బైట్ల గుర్తుతో మొదలవుతుంది. ఆ తరువాత అంతా ముక్కలుగా ఉంటుంది. ప్రతి ముక్కలో ముందుగా దాని డేటా పొడవు (4 బైట్లు), తరువాత ముక్క రకం (4 బైట్లు), తరువాత డేటా, చివర సరిచూపు సంఖ్య (4 బైట్లు) ఉంటాయి. మొదటి ముక్కలో బొమ్మ వెడల్పు, ఎత్తు ఉంటాయి. జేపెగ్ ఫైలు కూడా ఇలాగే ముక్కలుగా ఉంటుంది. అయితే అందులో పొడవును తెలిపే అంకెకు 2 బైట్లు ఉంటాయి. ఆ పొడవులో ఆ 2 బైట్లను కూడా కలిపి లెక్కిస్తారు. ఈ చిన్న తేడాను గుర్తుంచుకోండి. 9.4లో దీని పర్యవసానం చూస్తాం.

ఇక్కడ గమనించవలసిన విషయాలు మూడు:

1. ఫైలు తన గురించి తానే చెప్పుకుంటుంది. 'నా వెడల్పు ఇంత, ఈ ముక్క పొడవు ఇంత' అనే అంకెలను ఫైలు తయారుచేసినవారే రాస్తారు. అవి నిజం కావలసిన అవసరం లేదు.

2. ఆ అంకెల ఆధారంగానే ప్రోగ్రాం మెమరీ కేటాయిస్తుంది, డేటాను కాపీ చేస్తుంది.

3. డేటా కుదించి ఉంటుంది. విప్పిన తరువాత ఎంత అవుతుందో ముందుగా కచ్చితంగా తెలియకపోవచ్చు.

పైగా బొమ్మలను విప్పే పనిని ప్రతి ప్రోగ్రాం సొంతంగా చేసుకోదు. లిబ్‌పీఎన్‌జీ, లిబ్‌వెబ్‌పీ వంటి లైబ్రరీలను వాడుకుంటుంది. ఒకే లైబ్రరీ బ్రౌజర్‌లో, ఈమెయిల్ ప్రోగ్రాంలో, ఫోటో ఆల్బంలో, చాటింగ్ యాప్‌లో ఉంటుంది. అందువల్ల లైబ్రరీలో ఒక్క లోపం ఉంటే అది వందలాది ప్రోగ్రాంలకు చేరుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - I

గమనిక: (అ) మీ సమాధానాలను నోటుపుస్తకంలో రాయండి. (ఆ) 9.10లో ఇచ్చిన సమాధానాలతో సరిచూసుకోండి.

1. స్టాక్ ఓవర్‌ఫ్లోలో రిటర్న్ అడ్రస్ చెరిగిపోవడం ఎందుకు ప్రమాదకరం?
2. జేపెగ్ ముక్కలో 20 బైట్ల వ్యాఖ్య ఉంటే, పొడవు గడిలో ఏ అంకె ఉండాలి?

9.4 లోపం పుట్టే నాలుగు విధాలు

9.4.1 తీసివేతలో పొరపాటు: జేపెగ్ వ్యాఖ్య

జేపెగ్ ఫైలులో ఫోటో గురించి ఒక వ్యాఖ్య రాసుకోవడానికి ప్రత్యేకమైన ముక్క ఉంది. పొడవు గడికి 2 బైట్లు పోతాయి కాబట్టి, వ్యాఖ్య అసలు పొడవు తెలుసుకోవడానికి ప్రోగ్రాం ఆ అంకెలోంచి 2 తీసివేస్తుంది. 22 ఉంటే 20 వస్తుంది. ఖాళీ వ్యాఖ్య అయితే 2 ఉంటుంది, 0 వస్తుంది. అంటే సక్రమమైన ఫైలులో ఆ అంకె 2 కంటే తక్కువ ఉండటానికి వీలులేదు.

మరి ఎవరైనా కావాలని 0 రాస్తే? 0 లోంచి 2 తీసివేస్తే -2 రావాలి. కానీ 32 బిట్ల ధనసంఖ్యలతో లెక్కించే చోట ఋణ సంఖ్యలు ఉండవు. గడియారంలో 12 నుంచి వెనక్కి వెళితే 11 వచ్చినట్లు, లెక్క వెనక్కి తిరిగి 4,29,49,67,294 అవుతుంది. అంటే దాదాపు 429 కోట్ల బైట్లు. ప్రోగ్రాం చిన్న బఫర్‌లోకి అంత డేటాను కాపీ చేయడానికి పూనుకుంటుంది. పక్కనున్న హీప్ అంతా చెరిగిపోతుంది.

ఈ లోపాన్ని 2000 సంవత్సరంలో నెట్‌స్కేప్ బ్రౌజర్‌లో కనుగొన్నారు, సరిచేశారు. నాలుగేళ్ళ తరువాత అదే పొరపాటు మైక్రోసాఫ్ట్ వారి జీడీఐ+ అనే చిత్ర లైబ్రరీలో బయటపడింది. 2004 సెప్టెంబరు 14న మైక్రోసాఫ్ట్ 'ఎంఎస్04-028' అనే భద్రతా ప్రకటనతో సవరణలను విడుదల చేసింది. కొద్ది వారాలలోనే ఈ లోపాన్ని వాడుకునే కోడ్ బహిరంగంగా కనిపించింది.

ఈ సంఘటనలో మరొక పాఠం ఉంది. లోపమున్న లైబ్రరీ విండోస్ ఎక్స్‌పీలోనే కాక, ఆఫీస్ ఎక్స్‌పీ, ఆఫీస్ 2003 వంటి అనేక ఉత్పత్తులలో ఉంది. కొన్ని ప్రోగ్రాంలు ఆ లైబ్రరీ ప్రతిని తమ సొంత ఫోల్డరులో పెట్టుకునేవి. కాబట్టి విండోస్‌ను సవరించినంత మాత్రాన పని పూర్తికాలేదు. ఏ ప్రోగ్రాంలో పాత ప్రతి మిగిలిందో వెతకవలసి వచ్చింది.

9.4.2 హెచ్చరించి ఊరుకోవడం: పీఎన్‌జీ పారదర్శకత ముక్క

2004 ఆగస్టులో లిబ్‌పీఎన్‌జీలో క్రిస్ ఎవాన్స్ అనే భద్రతా పరిశోధకుడు కొన్ని లోపాలను వెల్లడించారు. వాటిలో ముఖ్యమైనది ఇది. కొన్ని పీఎన్‌జీ బొమ్మలలో రంగుల పట్టిక ఉంటుంది. ఆ పట్టికలో గరిష్ఠంగా 256 రంగులు ఉండవచ్చు. ఏ రంగు ఎంత పారదర్శకంగా ఉండాలో తెలిపే మరొక ముక్క దాని తరువాత రావాలి. దాని కోసం స్టాక్‌లో 256 బైట్ల బఫర్ కేటాయించారు.

ప్రోగ్రామర్ తనిఖీ రాయకపోలేదు. 'రంగుల పట్టిక ఇంకా రాకపోతే, హెచ్చరిక ఇవ్వు. పట్టిక వచ్చి ఉంటే, పారదర్శకత ముక్క పొడవు పట్టికను మించిందేమో చూడు, మించితే వదిలెయ్యి' అని రాశారు. చదవడానికి సక్రమంగానే ఉంది. కానీ మొదటి సందర్భంలో ఏమవుతుంది? పట్టిక లేదని హెచ్చరిక ఇచ్చి, పొడవు చూడకుండానే పని కొనసాగుతుంది. అంటే పట్టికే లేని బొమ్మను పంపితే పొడవు తనిఖీ తప్పిపోతుంది, 256 బైట్ల బఫర్‌లోకి ఎన్ని బైట్లయినా చేరతాయి.

ద్వారం దగ్గర కాపలాదారు గుర్తింపు కార్డు లేనివారిని 'కార్డు లేదు' అని మందలించి లోపలికి పంపి, కార్డు ఉన్నవారి సంచులను మాత్రం సోదా చేసినట్లయింది. తప్పు కనిపించినప్పుడు హెచ్చరిస్తే చాలదు, ఆగిపోవాలి. ఇది సురక్షిత ప్రోగ్రామింగ్‌లో ప్రధాన సూత్రం.

9.4.3 గుణకారంలో పొరపాటు: వెడల్పు, ఎత్తు

ఒక బొమ్మను మెమరీలో ఉంచడానికి కావలసిన బైట్లు = వెడల్పు × ఎత్తు × 4 అనుకుందాం. ఒక్కో చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం, పారదర్శకత అని 4 బైట్లు.

వెడల్పు 65,536, ఎత్తు 16,385 అని ఫైలులో రాసి ఉందనుకోండి. కావలసిన బైట్లు 4,29,52,29,440. కానీ 32 బిట్ల సంఖ్యలో పట్టే గరిష్ఠ విలువ 4,29,49,67,295. దాన్ని దాటితే లెక్క మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది. కాబట్టి ప్రోగ్రాంకు వచ్చే జవాబు:

4,29,52,29,440 - 4,29,49,67,296 = 2,62,144

ప్రోగ్రాం 2,62,144 బైట్లే కేటాయిస్తుంది. ఇప్పుడు ఒక అడ్డు వరుసకు ఎన్ని బైట్లు కావాలో చూడండి: 65,536 × 4 = 2,62,144. అంటే 16,385 వరుసల బొమ్మకు ఒక్క వరుసకు సరిపడే చోటే దొరికింది! రెండో వరుస మొదటి చుక్క నుంచే పొర్లడం మొదలవుతుంది. దీనిని పూర్ణాంక ఓవర్‌ఫ్లో అంటారు. ఇది స్వయంగా మెమరీని చెరపదు, కానీ బఫర్ ఓవర్‌ఫ్లోకు దారి తీస్తుంది.

గుణించిన తరువాత ఫలితాన్ని చూసి ప్రయోజనం లేదు, అప్పటికే అది చిన్న సంఖ్యగా మారిపోయి ఉంటుంది. గుణించక ముందే 'ఈ వెడల్పుకు గరిష్ఠంగా ఎంత ఎత్తును అనుమతించవచ్చు?' అని భాగహారంతో తేల్చుకోవాలి.

9.4.4 తనిఖీ ఆలస్యం కావడం: వెబ్‌పీ

వెబ్‌పీ అనే చిత్ర రూపాన్ని గూగుల్ 2010లో ప్రకటించింది. దానిని చదివే లిబ్‌వెబ్‌పీ లైబ్రరీ నేడు దాదాపు అన్ని బ్రౌజర్లలోనూ ఉంది. నాణ్యత తగ్గకుండా కుదించే వెబ్‌పీ బొమ్మలలో హఫ్‌మన్ కోడింగ్ వాడతారు. ఎక్కువసార్లు వచ్చే విలువలకు చిన్న కోడ్, తక్కువసార్లు వచ్చేవాటికి పెద్ద కోడ్ ఇవ్వడం ఈ పద్ధతి. వీటిని త్వరగా విప్పడానికి లైబ్రరీ మెమరీలో పట్టికలను కట్టుకుంటుంది.

ఆ పట్టికలు గరిష్ఠంగా ఎంత పెద్దవి కాగలవో రచయితలు ముందే లెక్కగట్టి, సరిగ్గా అంత చోటు కేటాయించారు. లెక్క సరైనదే, కానీ అది సక్రమమైన కోడ్‌లకు మాత్రమే వర్తిస్తుంది. ఫైలులోని కోడ్‌లు సక్రమమైనవో కావో పట్టిక కట్టిన తరువాత గాని తేలేది కాదు. అక్రమమైన కోడ్‌లు ఇస్తే, తనిఖీకి ముందే పట్టిక హద్దు దాటేది.

2023 సెప్టెంబరు 6న ఆపిల్ భద్రతా విభాగం, టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన సిటిజన్ ల్యాబ్ ఈ లోపాన్ని గూగుల్‌కు తెలిపాయి. సెప్టెంబరు 11న క్రోమ్‌కు సవరణ వచ్చింది. దీని గుర్తింపు సంఖ్య సీవీఈ-2023-4863. అప్పటికే దీన్ని దాడులలో వాడుతున్నట్లు గూగుల్ ప్రకటించింది. అదే వారంలో, సెప్టెంబరు 7న, ఆపిల్ తన ఐఫోన్లలోని చిత్ర లైబ్రరీలో బఫర్ ఓవర్‌ఫ్లోను సరిచేసింది. వాషింగ్టన్ కేంద్రంగా పనిచేసే ఒక పౌరసమాజ సంస్థ ఉద్యోగి ఫోనులో ఆ దాడి జాడలను సిటిజన్ ల్యాబ్ గుర్తించింది. ఆ ఫోనులోకి పెగాసస్ అనే గూఢచారి సాఫ్ట్‌వేర్‌ను చేర్చడానికి హానికరమైన బొమ్మలను సందేశంగా పంపారని, ఫోను యజమాని ఏమీ నొక్కవలసిన పనిలేకుండానే దాడి జరిగిందని ఆ సంస్థ వెల్లడించింది.

ఇంకొక విషయం ఆలోచింపజేస్తుంది. లిబ్‌వెబ్‌పీని కొన్ని సంవత్సరాలుగా స్వయంచాలక పరీక్షలకు గురిచేస్తూనే ఉన్నారు. అయినా ఈ లోపం దొరకలేదు. సరిగ్గా ఆ స్థితికి చేర్చే అంకెల కలయిక యాదృచ్ఛికంగా దొరకడం చాలా కష్టం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - II

3. జేపెగ్ వ్యాఖ్య పొడవు గడిలో 1 ఉంటే, తీసివేత తరువాత 32 బిట్ల ధనసంఖ్యగా ఎంత వస్తుంది?
4. లిబ్‌పీఎన్‌జీ లోపానికి, లిబ్‌వెబ్‌పీ లోపానికి గల ప్రధాన తేడా ఏమిటి?

9.5 పర్యవసానాలు

ఓవర్‌ఫ్లో జరిగిన ప్రతిసారీ కంప్యూటర్ దాడి చేసినవారి వశమైపోతుందని అనుకోకూడదు. పర్యవసానాలు మూడు స్థాయిలలో ఉంటాయి.

(అ) ప్రోగ్రాం ఆగిపోవడం: ఎక్కువ సందర్భాలలో జరిగేది ఇదే. చెడిపోయిన మెమరీ వల్ల ప్రోగ్రాం హఠాత్తుగా మూతపడుతుంది. వ్యక్తిగత కంప్యూటర్‌లో ఇది చిన్న ఇబ్బంది. వేలమంది ఫోటోలను స్వీకరించే సర్వర్‌లో అయితే సేవ మొత్తం నిలిచిపోవచ్చు.

(ఆ) సమాచారం బయటపడటం: రాయడంలో కాక చదవడంలో హద్దు దాటితే, మెమరీలోని ఇతర సమాచారం బయటికి పొక్కవచ్చు.

(ఇ) పరాయి కోడ్ నడవడం: ఇది అన్నిటికంటే తీవ్రమైనది. రిటర్న్ అడ్రస్‌ను లేదా ఫంక్షన్ చిరునామాను తమకు కావలసినట్లు మార్చగలిగితే, దాడి చేసేవారు తమ సూచనలను నడిపించగలరు. ఆ సూచనలకు, బొమ్మను తెరిచిన వినియోగదారుకు ఉన్న అధికారాలే ఉంటాయి. అడ్మినిస్ట్రేటర్ ఖాతాతో బొమ్మను తెరిస్తే కంప్యూటర్ అంతా వారి చేతికి వెళ్ళినట్లే.

ఈ ముప్పు తీవ్రతను పెంచే అంశాలను కూడా గమనించాలి. మొదటిది, బొమ్మను 'తెరవడం' అంటే దానిపై నొక్కడమే కానవసరం లేదు. ఫోల్డరు తెరవగానే చిన్న బొమ్మలు కనిపిస్తాయి కదా! వాటిని చూపడానికి ఫైలును అప్పటికే విప్పి ఉంటారు. రెండవది, ఫైలు పేరును బట్టి దాని రకాన్ని నమ్మలేం. 2021లో ఐఫోన్లపై జరిగిన 'ఫోర్స్‌డ్ ఎంట్రీ' దాడిలో జిఫ్ అనే పొడిగింపుతో వచ్చిన ఫైళ్ళు నిజానికి పీడీఎఫ్ ఫైళ్ళు. వాటిలోని పాత నలుపు-తెలుపు చిత్ర రూపాన్ని విప్పే కోడ్‌లో ఉన్న పూర్ణాంక ఓవర్‌ఫ్లోను ఆ దాడి వాడుకుంది. ఎవరూ వాడని పాత రూపాలకు సంబంధించిన కోడ్ కూడా సాఫ్ట్‌వేర్‌లో మిగిలి ఉంటుందని, అది కూడా దాడికి దారి కాగలదని దీనివల్ల తెలుస్తుంది.

9.6 రక్షణ పద్ధతులు

స్టాక్ కేనరీ: రిటర్న్ అడ్రస్‌కు ముందు ఊహించలేని ఒక సంఖ్యను ఉంచి, ఫంక్షన్ ముగిసేముందు అది మారిందేమో చూస్తారు. మారితే ప్రోగ్రాంను ఆపివేస్తారు. బొగ్గు గనులలో విషవాయువును ముందుగా పసిగట్టడానికి ఒకప్పుడు తీసుకువెళ్ళిన కేనరీ పిట్ట పేరు దీనికి పెట్టారు. మన రిజిస్టరులో 8వ వరుసకు, 9వ వరుసకు మధ్య లక్క ముద్ర వేసినట్లన్నమాట. 1998లో వచ్చిన 'స్టాక్‌గార్డ్' ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది. అయితే ఇది హీప్ ఓవర్‌ఫ్లోను ఆపలేదు.

డేటాను నడపనివ్వకపోవడం: డేటా ఉన్న మెమరీలోని బైట్లను సూచనలుగా నడపకుండా ప్రాసెసర్ స్థాయిలోనే నిషేధిస్తారు. విండోస్ ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2 (2004)తో ఇది విండోస్‌లోకి వచ్చింది. దీన్ని తప్పించుకోవడానికి దాడి చేసేవారు ప్రోగ్రాంలో ఇప్పటికే ఉన్న కోడ్ ముక్కలనే గొలుసుగా కూర్చడం మొదలుపెట్టారు.

చిరునామాలను తారుమారు చేయడం: ప్రోగ్రాం భాగాలను ప్రతిసారీ వేర్వేరు చిరునామాలలో ఉంచుతారు. ఎక్కడికి మళ్ళించాలో దాడి చేసేవారికి ముందుగా తెలియదు. 9.5(ఆ)లో చెప్పిన సమాచారం బయటపడే లోపం తోడైతే మాత్రం ఈ రక్షణ బలహీనపడుతుంది.

శాండ్‌బాక్స్: బొమ్మను విప్పే పనిని తక్కువ అధికారాలున్న వేరే ప్రక్రియలో చేయిస్తారు. దాడి ఫలించినా ఆ గదికే పరిమితం అవుతుంది. అందులోంచి బయటపడటానికి దాడి చేసేవారు మరొక లోపాన్ని వెతుక్కోవాలి.

ఫజ్ పరీక్ష: లక్షలాది చెడిపోయిన ఫైళ్ళను యంత్రమే తయారుచేసి ప్రోగ్రాంకు ఇచ్చి, ఎక్కడ ఆగిపోతుందో చూస్తారు. గూగుల్ 2016లో మొదలుపెట్టిన 'ఓఎస్ఎస్-ఫజ్' ఇలాంటి సేవ. ఇది ఎన్నో లోపాలను పట్టుకుంది. అయినా అన్నిటినీ పట్టుకోలేదని వెబ్‌పీ ఉదాహరణ చూపింది.

మెమరీ భద్రత గల భాషలు: రస్ట్ వంటి భాషలలో హద్దు దాటి రాయబోతే ప్రోగ్రాం అక్కడే ఆగిపోతుంది. పై పద్ధతులలో ఎక్కువ భాగం లోపం జరిగాక నష్టాన్ని తగ్గిస్తే, ఇది ఈ రకమైన లోపాన్ని మూలంలోనే అరికడుతుంది. ఉన్న కోడ్‌నంతా తిరిగి రాయడానికి పట్టే కాలం, ఖర్చు దీనికి అడ్డంకులు.

ఏ ఒక్క పద్ధతీ సరిపోదని మీరు గమనించి ఉంటారు. అందుకే వీటిని పొరలు పొరలుగా కలిపి వాడతారు.

9.7 వినియోగదారులు పాటించవలసిన జాగ్రత్తలు

1. నవీకరణలను వాయిదా వేయవద్దు. సవరణ విడుదలైన రోజే లోపం ఎక్కడుందో దాడి చేసేవారికీ తెలుస్తుంది. సవరణకు ముందు, తరువాత కోడ్‌ను పోల్చి చూస్తే చాలు. అందువల్ల సవరణ వచ్చిన తరువాతి వారాలలో, దాన్ని వేసుకోనివారికే ముప్పు ఎక్కువ.

2. నిర్వాహక వ్యవస్థతో పాటు యాప్‌లను కూడా నవీకరించండి. జీడీఐ+ ఉదాహరణలో చూసినట్లు, ప్రతి ప్రోగ్రాంలో సొంత లైబ్రరీ ప్రతి ఉండవచ్చు.

3. తయారీదారు భద్రతా సవరణలు ఆపేసిన పాత ఫోనును బ్యాంకు లావాదేవీలకు వాడవద్దు. ఫోను బాగా పనిచేస్తూ ఉండవచ్చు, కానీ దానిలోని పాత లోపాలు అలాగే ఉంటాయి.

4. రోజువారీ పనులకు అడ్మినిస్ట్రేటర్ ఖాతా కాక సాధారణ ఖాతా వాడండి. నెట్ సెంటర్ల వంటి చోట్ల ఇది మరీ ముఖ్యం.

5. చాలా ఏళ్ళుగా నవీకరణ లేని చిత్ర దర్శన సాఫ్ట్‌వేర్‌ను తొలగించండి. వాడని సాఫ్ట్‌వేర్ కూడా ఒక తెరిచిన తలుపే.

6. చాటింగ్ యాప్‌లలో అపరిచితుల నుంచి వచ్చే ఫైళ్ళు తమంతట తాము డౌన్‌లోడ్ కాకుండా సెట్టింగ్ మార్చుకోండి.

7. పాత్రికేయులు, హక్కుల కార్యకర్తల వంటి ప్రత్యేక ముప్పు ఉన్నవారు ఐఫోన్‌లోని 'లాక్‌డౌన్ మోడ్' వంటి సదుపాయాలను వాడుకోవచ్చు. 2023లో ఐఫోన్లపై జరిగిన దాడిని ఈ మోడ్ అడ్డుకోగలదని సిటిజన్ ల్యాబ్ పేర్కొంది.

మన దేశంలో ఇలాంటి లోపాలపై హెచ్చరికలను భారత కంప్యూటర్ అత్యవసర ప్రతిస్పందన బృందం (సెర్ట్-ఇన్) విడుదల చేస్తుంది. 2004 జనవరి నుంచి పనిచేస్తున్న ఈ సంస్థకు సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 70బి సెక్షన్ చట్టబద్ధత కల్పించింది. అనుమతి లేకుండా ఇతరుల కంప్యూటర్‌లోకి దురుద్దేశంతో చొరబడటం అదే చట్టంలోని 66వ సెక్షన్ కింద నేరం. దీనికి 3 సంవత్సరాల వరకు జైలు, లేదా 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.

9.8 సారాంశం

బఫర్ హద్దు దాటి డేటా రాయడమే బఫర్ ఓవర్‌ఫ్లో. బొమ్మ ఫైలు తన కొలతలను తానే చెప్పుకుంటుంది. ఆ మాటను సరిచూడకుండా నమ్మిన ప్రోగ్రాం దారి తప్పుతుంది. తీసివేతలో, గుణకారంలో, తనిఖీ వరుసలో, హెచ్చరించి కొనసాగడంలో జరిగే చిన్న పొరపాట్లు కోట్లాది పరికరాలకు ముప్పుగా మారతాయి. ఎందుకంటే ఒకే లైబ్రరీని అనేక ప్రోగ్రాంలు వాడతాయి. పర్యవసానాలు ప్రోగ్రాం ఆగిపోవడం నుంచి పరాయి కోడ్ నడవడం దాకా ఉంటాయి. కేనరీ, శాండ్‌బాక్స్, ఫజ్ పరీక్ష వంటి పొరలు రక్షణనిస్తాయి. వినియోగదారు చేతిలో ఉన్న బలమైన ఆయుధం సకాలంలో నవీకరించుకోవడం.

9.9 ముఖ్య పదాలు

బఫర్: డేటా కోసం మెమరీలో కేటాయించిన నిర్ణీత పరిమాణం గల చోటు.
రిటర్న్ అడ్రస్: ఫంక్షన్ ముగిశాక ప్రోగ్రాం తిరిగి చేరవలసిన చోటు.
హీప్: ప్రోగ్రాం నడిచేటప్పుడు అవసరాన్ని బట్టి తీసుకునే మెమరీ ప్రాంతం.
పూర్ణాంక ఓవర్‌ఫ్లో: లెక్క ఫలితం గరిష్ఠ విలువను దాటి తిరిగి చిన్న సంఖ్యగా మారడం.
లైబ్రరీ: అనేక ప్రోగ్రాంలు ఉమ్మడిగా వాడుకునే సిద్ధం చేసిన కోడ్.

9.10 'మీ ప్రగతిని పరీక్షించుకోండి' - సమాధానాలు

1. ఫంక్షన్ ముగిశాక ప్రోగ్రాం రిటర్న్ అడ్రస్ చూపిన చోటికే వెళుతుంది. దాన్ని మార్చినవారు ప్రోగ్రాం తరువాత ఏ సూచనలను నడపాలో నిర్ణయించగలుగుతారు.
2. 22. పొడవు గడికి చెందిన 2 బైట్లను కూడా కలిపి లెక్కించాలి.
3. 4,29,49,67,295.
4. లిబ్‌పీఎన్‌జీలో ఒక సందర్భంలో పొడవు తనిఖీ పూర్తిగా తప్పిపోయింది. లిబ్‌వెబ్‌పీలో తనిఖీ ఉంది, కానీ పట్టిక కట్టిన తరువాత జరిగింది. మొదటిది స్టాక్‌లో, రెండవది హీప్‌లో జరిగిన ఓవర్‌ఫ్లో.

9.11 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. బొమ్మలను చదివే సాఫ్ట్‌వేర్‌లో బఫర్ ఓవర్‌ఫ్లో పుట్టే విధాలను ఉదాహరణలతో వివరించండి.
2. బఫర్ ఓవర్‌ఫ్లో దాడులను అడ్డుకునే పద్ధతులను, వాటి పరిమితులను చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. స్టాక్ ఓవర్‌ఫ్లో, హీప్ ఓవర్‌ఫ్లోల మధ్య తేడాలు రాయండి.
2. వెడల్పు 32,768, ఎత్తు 32,769, చుక్కకు 4 బైట్లు అయితే 32 బిట్ల లెక్కలో ఎన్ని బైట్లు కేటాయిస్తారు? అందులో ఎన్ని వరుసలు పడతాయి?
3. నవీకరణ విడుదలైన తరువాతి వారాలలో ముప్పు ఎందుకు పెరుగుతుంది?